గుస్తాఫ్ ఫాన్ బుంగె

గుస్తాఫ్ ఫాన్ బుంగె (జనవరి 19, 1844 - నవంబర్ 5, 1920) శరీరధర్మ రసాయన శాస్త్రంలో పేరొందిన బాల్టిక్ జర్మన్ శాస్త్రజ్ఞుడు. అప్పటి రష్యా సామ్రాజ్యంలోని దోర్పాట్ నగరంలో జన్మించి, స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయంలో ముప్పై ఐదేళ్ళ పాటు ఆచార్యునిగా పనిచేశాడు. రక్తహీనతకు మందుగా ఇచ్చే ఇనుప లవణాలు శరీరానికి ఎలా ఉపయోగపడతాయి, అసలు ఉపయోగపడతాయా అన్న ప్రశ్నపై ఈయన ప్రతిపాదించిన సిద్ధాంతం 19వ శతాబ్దపు చివరి పదిహేనేళ్ళలో ఐరోపా వైద్యులను రెండు వర్గాలుగా చీల్చింది. ఆ సిద్ధాంతం తరువాత తప్పని తేలింది. అయితే దానిని పరీక్షించే ప్రయత్నంలోనే ఇనుము జీర్ణక్రియ గురించి మనకు తెలిసిన విషయాలు చాలావరకు బయటపడ్డాయి. పాలలో ఇనుము అతి తక్కువగా ఉంటుందని, శిశువు తల్లి గర్భంలోనే ఇనుమును నిల్వ చేసుకుని పుడుతుందని గుర్తించిన వారిలో ఈయన ముఖ్యుడు. విటమినుల ఆవిష్కరణకు దారితీసిన తొలి ప్రయోగాలలో ఒకటి ఈయన శిష్యుడు చేసినదే.

జననం, కుటుంబం

దోర్పాట్ నగరాన్ని నేడు తార్తు అంటారు. ఇది ఎస్టోనియా దేశంలో ఉంది. బుంగె పుట్టిన కాలంలో ఆ ప్రాంతం రష్యా జారు చక్రవర్తి ఏలుబడిలో ఉన్నా, అక్కడి విశ్వవిద్యాలయంలో బోధన జర్మన్ భాషలోనే జరిగేది. ఈయన తండ్రి అలెగ్జాండర్ ఫాన్ బుంగె (1803-1890) గొప్ప వృక్షశాస్త్రవేత్త. మంగోలియా, ఉత్తర చైనా ప్రాంతాలలో తిరిగి వేలాది మొక్కలను సేకరించి వర్ణించాడు. దోర్పాట్ ఉద్యానవనానికి సంచాలకునిగా పనిచేశాడు. మొక్కల శాస్త్రీయ నామాల చివర కనిపించే బుంగె అనే పేరు తండ్రిదే కానీ ఈయనది కాదు. తమ్ముడు, పేరు అలెగ్జాండరే (1851-1930), వైద్యుడు, ఆర్కిటిక్ ప్రాంత అన్వేషకుడు. లేనా నది ముఖద్వారంలోను, న్యూ సైబీరియా ద్వీపాలలోను జరిగిన అన్వేషణలలో పాల్గొన్నాడు. ఒకే ఇంటిలో ముగ్గురు ప్రసిద్ధులు ఉండటం వల్ల గ్రంథాలయ సూచికలలో వీరి రచనలు ఒకరివి మరొకరి పేరు కింద కనిపించడం అరుదు కాదు.

విద్యాభ్యాసం

బుంగె దోర్పాట్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం అభ్యసించాడు. ఈయన గురువు కార్ల్ ష్మిట్ (1822-1894), లీబిగ్, వోలర్ వంటి మహామహుల వద్ద చదువుకున్నవాడు. జీర్ణరసాలను, రక్తాన్ని, కలరా రోగుల మలాన్ని రసాయనికంగా విశ్లేషించిన తొలితరం శాస్త్రజ్ఞులలో ష్మిట్ ఒకడు. భౌతిక రసాయన శాస్త్ర నిర్మాతలలో ఒకడైన విల్హెల్మ్ ఓస్ట్వాల్డ్ కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినవాడే. బుంగె అక్కడే సహాయకునిగా చేరి 1874లో రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. రసాయనం మాత్రమే తెలిస్తే శరీరం అర్థం కాదని భావించి, తరువాత వైద్యశాస్త్రం కూడా చదివి 1882లో లైప్జిగ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి ఈయన వయస్సు 38 సంవత్సరాలు.

ఉప్పుపై పరిశోధన

ఈయనకు మొదట పేరు తెచ్చినది ఇనుము కాదు, వంట ఉప్పు. గడ్డి మేసే జంతువులు ఉప్పు నేల కోసం మైళ్ళకొద్దీ దూరం వెళ్ళి నాకుతాయి. మాంసం తినే జంతువులు ఉప్పును పట్టించుకోవు. ఈ తేడాకు కారణం ఏమిటని బుంగె ఆలోచించాడు. రెండు రకాల ఆహారాలలోను సోడియం పరిమాణంలో పెద్ద తేడా లేదు, కానీ మొక్కలలో పొటాషియం చాలా ఎక్కువ. ఎక్కువైన పొటాషియం మూత్రం ద్వారా పోతూ తనతో పాటు సోడియంను కూడా తీసుకుపోతుందని, ఆ లోటే ఉప్పు కోసం తహతహగా కనిపిస్తుందని ఊహించాడు. దీనిని పరీక్షించడానికి తానే పొటాషియం లవణాలను పెద్ద మోతాదులో మింగి, తన మూత్రంలోని సోడియంను కొలిచాడు. సోడియం నిజంగానే ఎక్కువగా విసర్జింపబడింది. 1873లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

అక్కడితో ఆగక యాత్రికుల రచనలన్నీ గాలించి, వేట, పశుపోషణ, చేపల మీద బ్రతికే జాతులు ఉప్పు వాడవని, వ్యవసాయం చేసే జాతులకు ఉప్పు లేకుండా గడవదని ఒక సూత్రీకరణ చేశాడు. మనకు ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, బియ్యంలో పొటాషియం ఇతర ధాన్యాల కంటే, ముఖ్యంగా బంగాళాదుంప కంటే ఎంతో తక్కువని ఈయన పట్టికలు చూపాయి. ఆ లెక్కన కేవలం అన్నం తినేవారికి ఉప్పు అవసరం అంతగా ఉండకూడదు. ఊరగాయ లేనిదే ముద్ద దిగని ప్రాంతాలవారు దీనిని అంత సులభంగా అంగీకరించకపోవచ్చు. పొటాషియం వలన సోడియం విసర్జన పెరగడం తాత్కాలికమేనని, మూత్రపిండాలు త్వరలోనే సర్దుకుంటాయని తరువాతి పరిశోధనల్లో తెలిసింది.

లూనిన్ ప్రయోగం

లైప్జిగ్‌కు వెళ్ళకముందే, దోర్పాట్‌లో ఉండగా, బుంగె తన శిష్యుడు నికొలాయ్ లూనిన్‌కు ఒక సమస్య ఇచ్చాడు. ఖనిజ లవణాలు లేని ఆహారం పెడితే జంతువులు చనిపోతాయని అంతకుముందే ఫార్‌స్టర్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. మాంసకృత్తులలోని గంధకం శరీరంలో గంధకామ్లంగా మారుతుందని, దానిని విరిచే క్షారం ఆహారంలో లేకపోవడమే ఆ మరణాలకు కారణమని బుంగె అనుమానం. లూనిన్ ఎలుకలకు శుద్ధి చేసిన పాల మాంసకృత్తి, కొవ్వు, చక్కెర పెట్టి, కొన్నింటికి క్షారాన్ని, కొన్నింటికి పాలలో ఉండే లవణాలన్నింటిని కలిపాడు. క్షారం ఇచ్చినవి కొన్నాళ్ళు ఎక్కువ బ్రతికాయి. కానీ లవణాలన్నీ ఇచ్చినవి కూడా నెల రోజులు తిరిగేసరికి చనిపోయాయి. వట్టి పాలు తాగిన ఎలుకలు మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి.

అంటే గురువు ఊహ సరిపోలేదు. పాలలో మాంసకృత్తి, కొవ్వు, చక్కెర, లవణాలు కాక ప్రాణాధారమైనది మరేదో ఉండి ఉండాలి. 1881లో వెలువడిన ఈ ఫలితాన్ని బుంగె తన పాఠ్యగ్రంథంలో చేర్చి, ఈ దారిలో ఇంకా పరిశోధించవలసి ఉందని రాశాడు. బాసెల్‌లో ఈయన మరొక శిష్యుడు కార్ల్ సోసిన్ 1891లో ఇటువంటి ప్రయోగమే చేసి ఇటువంటి ఫలితాన్నే పొందాడు. విచారకరమైన సంగతి ఏమిటంటే గురువుగారు ఇనుము, సున్నం వంటి ఖనిజాల ధ్యాసలో పడి ఈ దారిని చివరిదాకా నడవలేదు. 1912లో హాప్కిన్స్ పాలతో చేసిన ప్రయోగాలు, అదే సంవత్సరం ఫంక్ పెట్టిన విటమిను అన్న పేరు ఆ దారిని పూర్తిచేశాయి. లూనిన్ మాత్రం పరిశోధన వదిలి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పిల్లల వైద్యునిగా స్థిరపడ్డాడు.

రక్తహీనత, ఇనుప మందులు - పూర్వరంగం

బుంగె ఇనుము సిద్ధాంతం అర్థం కావాలంటే ఆ కాలపు వైద్యం కొంత తెలియాలి. 19వ శతాబ్దపు ఐరోపాలో క్లోరోసిస్ అనే జబ్బు అతి సాధారణం. ఆకుపచ్చ అనే అర్థం గల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చింది. పద్నాలుగేళ్ళ నుండి ఇరవై ఐదేళ్ళ లోపు ఆడపిల్లలకు ముఖం పాలిపోయి, కొందరిలో ఆకుపచ్చ ఛాయ కనిపించేది. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ, బహిష్టు ఆగిపోవడం, సుద్ద, బొగ్గు వంటివి తినాలన్న కోరిక దీని లక్షణాలు. 1554లోనే జర్మన్ వైద్యుడు యోహానెస్ లాంగె దీనిని వర్ణించి పెళ్ళి చేయడమే మందని సలహా ఇచ్చాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లాండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఇనుపరజను వైనులో నానబెట్టి ఇచ్చాడు. ఇనుము అంటే అంగారకుడు, యుద్ధం, బలం అన్న పాత నమ్మకం దీని వెనుక ఉన్నా మందు మాత్రం పనిచేసింది. మన ఆయుర్వేదంలో పాండురోగానికి లోహభస్మం, మండూరం వాడటం ఇంతకంటే పాతది.

ఆధునిక పద్ధతిలో ఇనుమును వాడినవాడు ఫ్రాన్సులోని బొకేర్ పట్టణ వైద్యుడు పియెర్ బ్లో. ఆయన అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేటు) పొటాషియం కార్బొనేటుతో కలిపి మాత్రలు చేశాడు. రెండూ కలిసినప్పుడు ఫెర్రస్ కార్బొనేటు తయారవుతుంది. తడి, గాలి తగిలితే ఇది తుప్పుగా మారి పనికిరాకుండా పోతుంది కాబట్టి, మాత్రలను తాజాగా చేయాలి లేదా పైన చక్కెర పూత వేయాలి. 1832లో ముప్పై మంది రోగుల అనుభవంతో ఆయన వ్యాసం ప్రచురించాడు. మోతాదును ధైర్యంగా పెంచుకుంటూ పోవడమే ఆయన విజయ రహస్యం. బ్లో మాత్రలు ఐరోపా అంతటా వ్యాపించాయి. జర్మనీలో నీమెయర్ వంటి ప్రముఖ వైద్యుడు వీటిని పొగిడాడు.

రసాయనికంగా కూడా ఆధారం దొరికింది. 1840 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆండ్రాల్, గవారె క్లోరోసిస్ రోగుల రక్తంలో ఎర్రకణాల భాగం తగ్గి ఉంటుందని చూపారు. 1852లో ఫీరోర్ట్ ఎర్రకణాలను లెక్కపెట్టే పద్ధతి కనిపెట్టాడు. 1878లో లండనులో గవర్స్ రోగి పక్కనే హిమోగ్లోబిన్ కొలవగలిగే చిన్న పరికరం తయారుచేశాడు. దాంతో మందు పనిచేసిందా లేదా అన్నది అంకెలలో తెలుసుకునే వీలు కలిగింది.

అయితే ఈలోగా ఇనుప మందుల అంగడి విపరీతంగా పెరిగిపోయింది. ఇనుప వైనులు, ఇనుప టింక్చర్లు, ఇనుప పెప్టోనేట్లు, అల్బుమినేట్లు, క్షయకరణ చేసిన ఇనుప పొడి, ఇనుప అయొడైడు మాత్రలు, ఇలా వందల రకాలు. ద్రవరూప మందులు పళ్ళను నల్లబరుస్తాయని గాజుగొట్టంతో పీల్చి తాగేవారు. డబ్బున్నవారు ఇనుప నీటి ఊటలు గల ష్వాల్‌బాఖ్, పిర్మాంట్, సెయింట్ మోరిట్జ్ వంటి ఊర్లకు వెళ్ళేవారు. ప్రతి తయారీదారూ తన మందే సులభంగా వంటబడుతుందని చెప్పుకునేవాడు. వీటిలో చాలావాటిలో ఇనుము ఎంత తక్కువంటే, రోగం తగ్గడానికి సీసాలకు సీసాలు తాగాలి.

ఇంతలో ఇనుము వైద్యానికే మూలంలో ఒక సందేహం బయలుదేరింది. 1878లో హాంబుర్గర్ ఒక కుక్కకు ఇనుప లవణం తినిపించి, అది ఎంత తిన్నదో దాదాపు అంతా మలంలో తిరిగి వచ్చిందని, మూత్రంలో ఇనుము పెరగలేదని చూపాడు. మరి పేగు గోడ దాటి రక్తంలోకి చేరనిది రక్తాన్ని ఎలా వృద్ధి చేస్తుంది? ఒకవైపు పడక పక్కన వైద్యుడు కళ్ళారా చూస్తున్న ఫలితం, మరొకవైపు ప్రయోగశాల లెక్క. రెండింటికీ పొంతన కుదరలేదు.

హెమటోజెన్ సిద్ధాంతం

బుంగె ఈ చిక్కుముడిని విప్పబోయాడు. మనిషి ఇనుప లవణాలు తిని పుట్టలేదు, పెరగలేదు. ఆహారంలో ఇనుము ఏ రూపంలో ఉంటుందో చూడాలన్నది ఈయన మొదటి ప్రశ్న. ఇందుకు కోడిగుడ్డును ఎంచుకోవడం చాలా తెలివైన పని. గుడ్డులో రక్తం లేదు. బయటి నుండి పొదుగుతున్న కోడి వేడి తప్ప ఆహారం ఏదీ లోపలికి పోదు. అయినా ఇరవై ఒక్క రోజులలో ఎర్రని రక్తం గల పిల్ల బయటికి వస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్‌కు కావలసిన ముడిసరుకు పచ్చసొనలో ఉండి తీరాలి.

ఈయన పచ్చసొనలోని కొవ్వును ఆల్కహాలు, ఈథరులతో తొలగించి, మిగిలినదానిని బాగా పలుచని హైడ్రోక్లోరికామ్లంలో కరిగించి, పెప్సిన్‌తో కృత్రిమంగా జీర్ణం చేశాడు. మాంసకృత్తి చాలావరకు కరిగిపోగా కరగని ఒక పదార్థం అడుగున మిగిలింది. అందులో భాస్వరం, గంధకంతో పాటు 0.29 శాతం ఇనుము ఉంది. ఇనుప లవణాలకు ఉండే గుణాలు దీనికి లేవు. ఆమ్లం కలిపిన ఆల్కహాలుతో కడిగితే మామూలు ఇనుప లవణాల నుండి ఇనుము విడిపోతుంది. దీని నుండి విడిపోలేదు. ఈ పరీక్షకు వాడిన ద్రావణానికే తరువాత బుంగె ద్రవం అని పేరు వచ్చింది. అమోనియం సల్ఫైడు కలిపితే లవణాలు వెంటనే నల్లబడతాయి, ఇది మెల్లగా ఆకుపచ్చగా మారి ఎంతోసేపటికి గాని నల్లబడదు. అంటే ఇనుము ఇందులో సేంద్రియ పదార్థంతో గట్టిగా ముడిపడి ఉంది. రక్తాన్ని పుట్టించేది అనే అర్థంలో ఈయన దీనికి హెమటోజెన్ అని పేరు పెట్టాడు. ఈ వ్యాసం 1885లో వెలువడింది.

ఇక మందుల సంగతి. శరీరం ఇనుమును ఇటువంటి సేంద్రియ రూపంలోనే గ్రహిస్తుందని, నిరింద్రియ లవణాలను గ్రహించదని బుంగె వాదించాడు. మరి బ్లో మాత్రలతో రోగం ఎందుకు తగ్గుతోంది? దీనికి ఈయన ఇచ్చిన సమాధానం చమత్కారమైనది. క్లోరోసిస్ రోగుల పేగులలో ఆహారం కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడు వంటి గంధకపు పదార్థాలు పుడతాయి. అవి ఆహారంలోని హెమటోజెన్ మీద పడి, దాని ఇనుమును లాగి పనికిరాని ఇనుప సల్ఫైడుగా మారుస్తాయి. మందుగా మింగిన ఇనుప లవణం ఆ గంధకాన్ని తాను పట్టుకుని మలంలో పోతుంది. ఆ విధంగా ఆహారంలోని అసలు ఇనుమును కాపాడుతుంది. మందు రక్తంలోకి పోదు, కేవలం కాపలా కాస్తుంది. కుక్క మలంలో ఇనుమంతా తిరిగి రావడం, పెద్ద మోతాదులే పనిచేయడం, రోగం తగ్గడం - మూడూ దీనితో ఒక్క దెబ్బకు వివరించబడ్డాయి. అంత పొందికగా ఉన్నందువల్లనే ఎంతోమంది దీనిని నమ్మారు.

స్టాక్‌మన్ ప్రయోగాలు

ఈ సిద్ధాంతాన్ని రోగుల మీదనే పరీక్షించి కూలదోసినవాడు స్కాట్లాండు వైద్యుడు రాల్ఫ్ స్టాక్‌మన్. ఆయన 1893లో ప్రచురించిన ప్రయోగాలు చాలా సరళమైనవి. ఇనుప సిట్రేటును నోటిద్వారా కాక చర్మం కింద సూదితో ఇచ్చాడు. మందు పేగుకు వెళ్ళకపోయినా హిమోగ్లోబిన్ పెరిగింది. తరువాత ఇనుప సల్ఫైడునే, పొట్టలో కరగక పేగులో కరిగే కెరాటిన్ గొట్టాలలో పెట్టి ఇచ్చాడు. ఇది ముందే గంధకంతో నిండి ఉన్నది, ఇక కొత్తగా గంధకాన్ని పట్టుకోలేదు. అయినా రోగం తగ్గింది. చివరగా ఇనుము లేకుండా గంధకాన్ని పట్టుకునే బిస్మత్, మాంగనీసు మందులు ఇచ్చాడు. బుంగె చెప్పినది నిజమైతే ఇవి కూడా పనిచేయాలి. ఇవి పనిచేయలేదు. రెండేళ్ళ తరువాత ఆహార పదార్థాలలో ఇనుమును కొలిచి, మామూలు భోజనంలో ఇనుము అప్పటి పుస్తకాలలో రాసిన దానికంటే చాలా తక్కువని, క్లోరోసిస్ గల ఆడపిల్లల భోజనంలో ఇంకా తక్కువని కూడా స్టాక్‌మన్ చూపాడు.

టొరంటోలో మెకాలమ్ రంగు పరీక్షలతో పేగు మొదటి భాగపు కణాలలోకి ఇనుప లవణం చేరడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆఖరికి బుంగె స్వంత ప్రయోగశాలలోనే ఎమిల్ అబ్దర్‌హాల్డెన్ అనే యువ శిష్యుడు జంతువులపై దీర్ఘంగా పరిశోధించి, నిరింద్రియ ఇనుము కూడా ఆహారంలోని ఇనుము లాగానే పేగు నుండి గ్రహింపబడుతుందని తేల్చాడు. గురువు సిద్ధాంతానికి వ్యతిరేకమైన ఫలితం గురువు బల్ల మీదనే రావడం ఆ ప్రయోగశాలకు గౌరవమే.

మరి హాంబుర్గర్ లెక్కలో పొరపాటు ఎక్కడ? కుక్క ఆరోగ్యంగా ఉంది, దానికి ఇనుము అవసరం లేదు. శరీరానికి ఇనుమును పెద్ద ఎత్తున విసర్జించే మార్గం లేదని, అవసరాన్ని బట్టి పేగు వద్దనే తీసుకోవాలో వద్దో నిర్ణయమవుతుందని 1937లో మెకాన్స్, విడోసన్ స్పష్టం చేశారు. పెద్దవారి శరీరంలో మొత్తం ఇనుము 3 నుండి 4 గ్రాములు. ఆరోగ్యవంతుడు రోజుకు గ్రహించేది 1-2 మిల్లీగ్రాములు మాత్రమే. మింగిన వందల మిల్లీగ్రాములలో అంత చిన్న భాగం తగ్గితే నాటి మలపరీక్షలు పట్టుకోలేవు.

దురదృష్టవశాత్తు బుంగె సందేహాల ప్రభావం ఆయన సిద్ధాంతం కంటే ఎక్కువ కాలం బ్రతికింది. లవణాలు వంటబట్టవని నమ్మిన వైద్యులు చిన్న మోతాదులు ఇవ్వడం, ఖరీదైన సేంద్రియ మందులు రాయడం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా సాగింది. 1932లో, అంటే బ్లో వ్యాసానికి సరిగ్గా వందేళ్ళకు, అమెరికాలో హీత్, స్ట్రౌస్, కాసిల్ అనే వైద్యులు సూదిమందుగా ఇచ్చిన ఇనుము ఎంతో, రోగి రక్తంలో పెరిగిన హిమోగ్లోబిన్‌లోని ఇనుము దాదాపు అంతేనని చూపి వివాదానికి తెరదించారు.

పాలు, శిశువు, ఇనుము నిల్వ

బుంగె పరిశోధనలలో నిలిచినది ఇది. శిశువు శరీరాన్ని బూడిద చేసి విశ్లేషిస్తే అందులోని ఖనిజాల నిష్పత్తి, ఆ జంతువు తల్లిపాల బూడిదలోని నిష్పత్తితో చాలా దగ్గరగా సరిపోతుందని ఈయన గమనించాడు. ఒక్క ఇనుము మాత్రం సరిపోలేదు. పాలలో ఇనుము లేదన్నంత తక్కువ. ప్రకృతి ఇక్కడ ఎందుకు పొరపాటు చేసిందన్న ప్రశ్నకు ఈయన కుందేలు పిల్లలను వరుసగా వేర్వేరు వయస్సులలో పరీక్షించి సమాధానం కనుగొన్నాడు. పుట్టిన గంటకు ప్రతి 100 గ్రాముల శరీర బరువుకు ఇనుము సుమారు 18 మిల్లీగ్రాములు ఉంది. పాలు తాగుతూ పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతూ వచ్చి, 24వ రోజుకు సుమారు 3 మిల్లీగ్రాములకు దిగింది. సరిగ్గా ఆ సమయానికే కుందేలు పిల్ల పాలు మాని ఆకులు కొరకడం మొదలుపెడుతుంది. గినీ పంది పిల్ల కళ్ళు తెరుచుకుని, పుట్టిన మొదటి రోజుల నుండే ఆకులు తింటుంది. దానికి నిల్వ అవసరం లేదు, పుట్టినప్పుడు దాని ఇనుము కూడా తక్కువే.

దీని నుండి శిశువును అవసరమైన కాలం దాటి వట్టి పాల మీదనే ఉంచితే రక్తహీనత వస్తుందని బుంగె హెచ్చరించాడు. నెలలు నిండి పుట్టిన శిశువుకు నిల్వ ఇనుము నాలుగు నుండి ఆరు నెలలు సరిపోతుందని నేటి వైద్యం చెబుతుంది. ఆరో నెల తరువాత అదనపు ఆహారం మొదలుపెట్టమనడానికి గల కారణాలలో ఇదొకటి. తల్లి గర్భధారణకు ముందు నుండే శిశువు కోసం ఇనుమును దాచిపెడుతుందని, యుక్తవయస్సులో ఆ దాపరికమే క్లోరోసిస్‌కు మూలమని కూడా ఈయన ఊహించాడు. ఈ రెండవ ఊహకు ఆధారం దొరకలేదు.

పాలకూర కథ

పాలకూరలో ఇనుము అపారమని, అది ఒక శాస్త్రజ్ఞుడు దశాంశ బిందువును తప్పుగా పెట్టడం వల్ల పుట్టిన అపోహ అని తరచు చదువుతుంటాము. కొన్ని కథనాలలో ఆ నింద బుంగె మీద కూడా పడింది. ఈయన ఇచ్చిన సంఖ్య, 100 గ్రాములకు సుమారు 35 మిల్లీగ్రాములు, ఎండబెట్టిన పాలకూరకు సంబంధించినది. తాజా ఆకులో పదింట తొమ్మిది పాళ్ళు నీరే కాబట్టి అది 3 మిల్లీగ్రాముల దగ్గరకు వస్తుంది, నేటి కొలతలకు అది దూరం కాదు. ఎండు లెక్కను పచ్చి ఆకుకు అంటగట్టినవారిది తప్పు. దశాంశ బిందువు కథకు కూడా ఆధారం లేదని 2010లో మైక్ సటన్ అనే పరిశోధకుడు చూపాడు.

బాసెల్‌లో

1885లో బుంగె బాసెల్ విశ్వవిద్యాలయానికి వచ్చి, మరుసటి ఏడు పూర్తి ఆచార్యుడయ్యాడు. 1887లో వెలువడిన ఈయన శరీరధర్మ, వ్యాధి రసాయన శాస్త్ర పాఠ్యగ్రంథం ఎంతో పేరు పొందింది. 1890లో ఆంగ్లంలోకి అనువదించబడింది. పుస్తకం మొదటి అధ్యాయమే ప్రాణశక్తివాదం, యాంత్రికవాదం గురించి. పేగు కణం తనకు కావలసినదాన్ని ఎంచుకుని అక్కరలేనిదాన్ని విడిచిపెట్టడాన్ని అప్పటి భౌతిక, రసాయన సూత్రాలతో మాత్రమే వివరించలేమని ఈయన అభిప్రాయం. సమకాలికులు దీనిని తీవ్రంగా విమర్శించారు.

1886లో ఈయన ఇచ్చిన ప్రారంభోపన్యాసానికి ఎంచుకున్న అంశం అందరినీ ఆశ్చర్యపరిచింది. అది మద్యపాన సమస్య. మద్యం ఆహారం కాదు, బలమూ ఇవ్వదు, మితంగా తాగినా హానికరమే అని రసాయన శాస్త్రజ్ఞుడు ప్రకటించడం, వైద్యులే రోగులకు వైను రాసిచ్చే ఆ రోజులలో సాహసమే. ఆ ఉపన్యాసం పలు భాషలలోకి వెళ్ళింది. మనోవైద్యుడు ఆగస్ట్ ఫోరెల్‌తో పాటు స్విట్జర్లాండు మద్యవర్జన ఉద్యమానికి ఈయన ఒక స్తంభంగా నిలిచాడు.

అయితే ఆ ఉత్సాహం ఈయనను తప్పుదారి కూడా పట్టించింది. 1900లో ప్రచురించిన చిన్న పుస్తకంలో, స్త్రీలు బిడ్డలకు పాలివ్వలేకపోవడానికి వారి తండ్రుల తాగుడే కారణమని, ఆ లోపం వంశపారంపర్యంగా దిగుతుందని వాదించాడు. వైద్యులకు ప్రశ్నావళులు పంపి సమాధానాలు సేకరించాడు. కానీ పేదరికం, పని వేళలు, ఆనాటి అలవాట్లు వంటి కారణాలను విడదీయలేదు. ఈ వాదన శాస్త్రపరంగా నిలబడలేదు. జాతి క్షీణత గురించిన నాటి భయాలకు మాత్రం ఊతమిచ్చింది. దీనితో పోలిస్తే 1901లో చక్కెర వాడకం పెరుగుదలపై రాసిన వ్యాసం ఎంతో దూరదృష్టి గలది. శుద్ధి చేసిన చక్కెరలో ఇనుము గాని సున్నం గాని లేవని, అది భోజనంలో చోటు ఆక్రమించేకొద్దీ అవి ఉన్న ఆహారం తగ్గిపోతుందని, తీపి కావాలంటే పండ్లు తినమని ఈయన చెప్పాడు.

హెమటోజెన్ పేరు

బుంగె పెట్టిన పేరు ఆయన చేయి దాటిపోయింది. 1890 ప్రాంతంలో స్విట్జర్లాండులో హొమెల్ అనే వైద్యుడు పశువుల రక్తంలోని హిమోగ్లోబిన్‌ను శుద్ధి చేసి, గ్లిజరిన్, కొద్దిపాటి వైను కలిపి, దానిని హెమటోజెన్ పేరుతో అమ్మాడు. బుంగె హెమటోజెన్‌కూ దీనికీ సంబంధం లేదు, అది గుడ్డు సొన నుండి వచ్చినది. మద్యం ముట్టని మనిషి పెట్టిన పేరు వైను కలిపిన టానిక్కుకు వెళ్ళడం విచిత్రమే. ఆ మందు దేశదేశాలలో అమ్ముడుపోయింది. రష్యాలో ఇదే పేరుతో పశువుల రక్తంతో చేసిన తీపి పలకలు సోవియట్ కాలంలో పిల్లలకు ఎంతో పరిచితం. నేటికీ మందుల దుకాణాలలో దొరుకుతాయి.

పచ్చసొనలోని ఇనుము ఫాస్విటిన్ అనే భాస్వర మాంసకృత్తికి అంటిపెట్టుకుని ఉంటుందని తరువాత తెలిసింది. దీనిని 1949లో వేరుచేశారు. ఇది ఇనుమును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మానవ పేగు దాని నుండి గ్రహించగలిగేది స్వల్పమే. అంటే బుంగె ఏ ఇనుమును అత్యుత్తమం అనుకున్నాడో అది అన్నభేది కంటే తక్కువగా వంటబడుతుంది. మాంసం, రక్తాలలోని హీమ్ ఇనుము మాత్రం లవణాల కంటే సులభంగా గ్రహింపబడుతుంది. ఆ మేరకు ఇనుము ఏ రసాయన రూపంలో ఉందన్నది ముఖ్యమన్న ఈయన పట్టుదల సరైనదే.

క్లోరోసిస్ రెండవ ప్రపంచయుద్ధం నాటికి వైద్య పుస్తకాల నుండి కనుమరుగైంది. ఆ పేరు పోయినా ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనత పోలేదు. మన దేశంలో గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అందులోని ఇనుము సాధారణంగా బ్లో వాడిన ఫెర్రస్ రూపమే. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మరణం

బుంగె బాసెల్‌ను వదిలి వెళ్ళలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో తాను పుట్టిన నగరం సామ్రాజ్యం చేతి నుండి జారి, కొత్త ఎస్టోనియా గణతంత్రంలో భాగం కావడం చూశాడు. 1920 నవంబర్ 5న, 76 ఏళ్ళ వయస్సులో, ఆచార్య పదవిలో ఉండగానే బాసెల్‌లో మరణించాడు.